రీఫ్ అక్వేరియంలో యాదృచ్ఛిక జలప్రవాహం

పగడాలు పెంచే ఉప్పునీటి తొట్టిని రీఫ్ అక్వేరియం అంటారు. అందులో నీరు ఎప్పుడూ ఒకే దిక్కుకు, ఒకే వేగంతో పోకుండా దిశ, బలం తరచూ మారుతుంటే ఆ కదలికను యాదృచ్ఛిక జలప్రవాహం అంటారు. పగడం కాళ్లు లేని జంతువు. తిండి దగ్గరికి వెళ్లలేదు, మురికి నుంచి తప్పుకోలేదు. ఆ రెండు పనులూ దాని తరఫున నీరే చేయాలి. తొట్టిలో ఉప్పదనం, ఉష్ణోగ్రత, కాల్షియం, వెలుతురు అంకెల్లో కొలిచి సరిదిద్దుకునేవే. ప్రవాహం మాత్రం ఒక అంకెకు లొంగదు. ఒకే తొట్టిలో రాయి ముందు ఒక రకంగా, రాయి వెనుక ఇంకో రకంగా ఉంటుంది. కొత్తగా మొదలుపెట్టినవారు ఎక్కువగా పొరబడేది ఈ అంశంలోనే.

పరిభాష

పెంపకందారుల వాడుకలో ‘లామినార్’ అనే మాట తరచుగా వినిపిస్తుంది. పంపు నుంచి సూటిగా వచ్చి పగడాన్ని ఒకే వైపు నుంచి కొట్టే ధారను వారు అలా అంటారు. భౌతికశాస్త్రంలో ఆ మాటకు అర్థం వేరు. నీరు పొరలు పొరలుగా, ఒకదానితో ఒకటి కలవకుండా జారితే అది లామినార్, అంటే స్తరీయ ప్రవాహం. సుడులతో కలగాపులగంగా పోతే అది సంక్షుబ్ధ ప్రవాహం. ఈ రెండింటి మధ్య హద్దును ఆస్‌బోర్న్ రేనాల్డ్స్ 1883లో గాజు గొట్టాల్లో రంగు నీరు పంపి చూపించాడు. ఆయన పేరుతో ఉన్న రేనాల్డ్స్ సంఖ్యను 5 సెం.మీ. వెడల్పున సెకనుకు 30 సెం.మీ. వేగంతో వచ్చే ధారకు లెక్కిస్తే సుమారు 15,000 వస్తుంది. అంటే ఇంటి తొట్టిలోని పంపు ధార మొదటినుంచీ సంక్షుబ్ధమే. పెంపకందారులు నిజంగా వద్దనుకునేది స్తరీయ ప్రవాహాన్ని కాదు, ఏకదిశా ప్రవాహాన్ని. ధారలో చిన్న సుడులకు కొదవ లేదు. కొరవడేది పెద్ద ఎత్తున దిశ మారడం. ఈ తేడా తెలిస్తే, ఇంకో పంపు కొనాలా ఉన్నదాన్నే తిప్పి పెట్టాలా అన్నది తేలికగా తేలుతుంది.

‘యాదృచ్ఛికం’ అన్న మాట కూడా ఇక్కడ కాస్త వదులుగానే వాడుకలో ఉంది. పంపులను నడిపే కంట్రోలర్లు వేగాన్ని మార్చేది ముందే రాసిపెట్టిన గణిత సూత్రం ప్రకారం. అయినా పగడానికి కావలసింది గణితపరమైన యాదృచ్ఛికత కాదు కాబట్టి ఇది లోపం కాదు. ఏ వైపూ ఎక్కువసేపు ప్రవాహం తగలని చాటున ఉండిపోకపోతే చాలు.

దిబ్బ మీద నీటి కదలిక

సముద్రంలో పగడపు దిబ్బ మీద నీరు ఒకేసారి అనేక తాళాల్లో కదులుతుంది. దూరం నుంచి వచ్చే ఉబ్బు అలలు పది సెకన్లకు అటూ ఇటూగా ఒకసారి వచ్చిపోతుంటాయి. అలలు విరిగే దిబ్బ అంచున నీరు ముందుకూ వెనక్కూ ఊగుతుంది. దాని మీద ఆటుపోట్ల ప్రవాహం చాలాచోట్ల 12 గంటల 25 నిమిషాల చక్రంలో దిశ మార్చుకుంటుంది. రాళ్లు, కొమ్మల పగడాలు వీటన్నిటినీ చీల్చి సుడులుగా మారుస్తాయి. దిబ్బ వెనుక లగూన్‌లో మాత్రం సెకనుకు కొద్ది సెంటీమీటర్ల నెమ్మది కదలికే ఉంటుంది. ఒక జాతి దిబ్బ అంచుది అయితే, ఇంకొకటి లగూన్‌ది. అందువల్ల ‘సహజ ప్రవాహం’ అనేది ఒకటి కాదు.

పగడానికి ప్రవాహం చేసే పని

ఏ వస్తువు ఉపరితలాన్నైనా అంటిపెట్టుకుని దాదాపు కదలని పలుచని నీటిపొర ఉంటుంది. దీన్ని సరిహద్దు పొర అంటారు. లుడ్విగ్ ప్రాంట్ల్ 1904లో ఈ భావనను ప్రతిపాదించాడు. పగడం మీద వాయువులు వ్యాపించే ఈ పొర మందం మిల్లీమీటరులో కొంత భాగం నుంచి ఒకటి రెండు మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. ఆక్సిజన్, బొగ్గుపులుసు వాయువు, పోషకాలు దీన్ని దాటేది కేవలం వ్యాపనం ద్వారా, అదీ చాలా నెమ్మదిగా. బయటి నీటి వేగం పెరిగితే పొర పలచబడుతుంది. ఒకే సగటు వేగంతో పోల్చినా, ముందుకూ వెనక్కూ ఊగే నీరు నిలకడగా పారే నీటికన్నా దీన్ని ఎక్కువ పలచబరుస్తుంది. పొర మందంగా పెరిగేలోపే దిశ మారిపోవడం ఇందుకు కారణం.

పగడం కణజాలంలో జూక్సాంథెల్లే అనే శైవలాలు నివసిస్తాయి. పగటిపూట వాటి కిరణజన్య సంయోగక్రియ వల్ల ఆక్సిజన్ పేరుకుంటుంది. అది బయటికి పోకపోతే బొగ్గుపులుసు వాయువును పట్టుకోవలసిన రుబిస్కో ఎంజైముకు ఆక్సిజనే పోటీ వస్తుంది. ఎర్ర సముద్రంలోని ఐలాట్ వద్ద తాలి మాస్, అమాత్సియా గెనిన్ తదితరులు చేసిన పని 2010లో వెలువడింది. ప్రవాహం ఈ ఆక్సిజన్‌ను తోసివేయడం వల్లనే కిరణజన్య సంయోగక్రియ పుంజుకుంటుందని అది చూపింది. రాత్రి పరిస్థితి తిరగబడుతుంది, అప్పుడు ఆక్సిజన్ లోపలికి రావాలి. వెలుతురు ఆర్పాక పంపులను బాగా తగ్గించే అలవాటు అందువల్ల మంచిది కాదు.

వేడి తాకిడిలో ప్రవాహం ప్రాణం నిలబెడుతుంది. ప్రపంచవ్యాప్తంగా పగడాలు తెల్లబారిన 1998 తరువాత జపాన్‌కు చెందిన ఒకినావాలో నకమురా, వాన్ వూసిక్ అక్రోపొరా డిజిటిఫెరా మీద ప్రయోగం చేసి 2001లో ప్రచురించారు. ఒకే వేడిలో ఉంచినా, వేగంగా కదిలే నీటిలోని పగడాలు నెమ్మది నీటిలోని వాటికన్నా బాగా తట్టుకున్నాయి. వేసవిలో నీరు వేడెక్కే ఇళ్లలో తొట్టి ఉన్నవారికి ఇది పనికొచ్చే విషయం.

పగడం కూడా పూర్తిగా నీటి దయ మీదే ఆధారపడదు. దాని ఒంటి మీది సూక్ష్మ శైలికలు చిన్న సుడులు పుట్టించి సరిహద్దు పొరను కలుపుతాయని ఓర్ షపీరో, రోమన్ స్టాకర్ తదితరులు 2014లో వెల్లడించారు. క్సీనియా కుటుంబపు కొన్ని మెత్తని పగడాలు చేతులు మూసి తెరుస్తూ తమ నీటిని తామే తోసుకుంటాయి. వీటికి తోడు ప్రవాహం తిండి రేణువులను తెస్తుంది, పగడం వదిలే జిగురును, మీద పడిన మట్టిని కడిగేస్తుంది. కొమ్మల మందం, గుబురు కూడా నీటి బలాన్ని బట్టి మారతాయి.

చరిత్ర

1961లో జకార్తాకు చెందిన లీ చిన్ ఎంగ్ తన పద్ధతిని ఒక అమెరికన్ పత్రికలో వివరించాడు. సూక్ష్మజీవులు నిండిన సముద్రపు రాయి (సజీవ శిల), సముద్రపు నీరు, గాలి బుడగలు, వీటితోనే ఆయన పగడాలను బతికించాడు. నీటిని కదిలించింది బుడగలే. 1970, 80 దశకాల్లో జర్మనీలో రూపుదిద్దుకున్న ‘బెర్లిన్ పద్ధతి’ సజీవ శిలకు మురికిని నురుగుగా తీసేసే ప్రొటీన్ స్కిమ్మర్‌ను, గట్టి వెలుతురును, బలమైన ప్రవాహాన్ని జోడించింది. కొమ్మల పగడాలను ఇంట్లో పెంచి, ముక్కలు చేసి, పంచుకోవడం దీనితో సాధ్యమైంది.

శాస్త్రసంస్థల దారి వేరు. స్మిత్‌సోనియన్ సంస్థకు చెందిన వాల్టర్ ఆడీ నీటిని శుభ్రపరిచే తన శైవల తెరల మీదికి నీటిని కుమ్మరించే తిరుగుడు బకెట్లను వాడాడు. నిండగానే ఒరిగి, ఒక్కసారిగా నీరు పోసి, మళ్లీ నిలబడే బకెట్ అది. హవాయిలోని వైకీకీ అక్వేరియంలో బ్రూస్ కార్ల్‌సన్ ఇదే ఫలితాన్ని సైఫన్‌తో సాధించాడు. 1991లో మొదలైన అరిజోనాలోని బయోస్ఫియర్ 2 ప్రయోగంలో కృత్రిమ సముద్రపు అలలను వాక్యూమ్ పంపులతో పుట్టించారు.

ఇంటి తొట్టికి వచ్చిన అసలు మలుపు ప్రొపెల్లర్ పంపు. పవర్‌హెడ్లు అనే పాత పంపులు సన్నని గొట్టం నుంచి నీటిని చిమ్మేవి. జర్మనీకి చెందిన టుంజే వంటి కంపెనీలు 2000 దశకంలో వెడల్పు నోరున్న ప్రొపెల్లర్ పంపులు తెచ్చాక అంతే కరెంటుతో ఎన్నో రెట్ల నీరు నెమ్మదిగా కదలసాగింది. అమెరికాకు చెందిన ఎకోటెక్ మెరైన్ వారి వోర్టెక్ పంపులో మోటారు గాజు బయటే ఉంటుంది. అయస్కాంతం ద్వారా లోపలి ప్రొపెల్లర్‌ను తిప్పుతుంది కాబట్టి మోటారు వేడి చాలావరకు నీటిలోకి రాదు.

సాధనాలు

ఎదురెదురు పంపులు: అన్నిటికన్నా సులభమైనది. రెండు ధారలు ఢీకొనే చోటు ఒక దగ్గర నిలవదు. అటూ ఇటూ జరుగుతూ చుట్టూ సుడులు విసురుతుంది. ఏ కంట్రోలరూ లేకుండానే ప్రవాహం మారుతుంది.

మార్చి మార్చి నడిపే పంపులు: టైమర్‌తో ఒకటి ఆగగానే ఇంకొకటి నడుస్తుంది. ఇక్కడ కాలవ్యవధుల ఎంపిక ముఖ్యం. రెండు పంపుల చక్రాలు 7, 11 నిమిషాలైతే ఒకే కలయిక 77 నిమిషాలకు గానీ తిరిగి మొదలుకాదు. 13 నిమిషాల మూడోది చేరిస్తే అది 1,001 నిమిషాలు, అంటే 16 గంటల 41 నిమిషాలు అవుతుంది. 1 తప్ప ఉమ్మడి భాజకం లేని అంకెలు ఎంచుకుంటే మామూలు టైమర్లతోనే దాదాపు యాదృచ్ఛిక ప్రవాహం వస్తుంది. ఏసీ పంపులను మాత్రం మాటిమాటికీ ఆపి నడిపితే ఇంపెల్లర్ త్వరగా అరుగుతుంది. డీసీ పంపులు మెల్లగా వేగం అందుకుంటాయి కనుక ఈ పనికి అనువైనవి.

యాదృచ్ఛిక కంట్రోలర్లు: వేగాన్ని సూత్రం ప్రకారం ఎడాపెడా మారుస్తాయి. వోర్టెక్‌లో ‘రీఫ్ క్రెస్ట్’ పేరుతో బలమైన పద్ధతి, ‘లగూన్’ పేరుతో నెమ్మది పద్ధతి ఉన్నాయి. పంపు ఉన్నచోటే ఉంటుంది కాబట్టి మారేది బలమే, దిశ కాదు. ఒక్క పంపును కంట్రోలర్‌కు తగిలించి యాదృచ్ఛిక ప్రవాహం వచ్చిందనుకోవడం సరికాదు. కనీసం రెండు ఉండి, ఒకదానికొకటి పొంతన లేకుండా నడవాలి.

క్రాస్‌ఫ్లో పంపులు: ఏసీల్లో కనిపించే పొడవాటి డ్రమ్ము ఫ్యాను సూత్రమే ఇది. పాల్ మోర్టియే 1893లో దీనికి పేటెంటు పొందాడు. మాక్స్‌స్పెక్ట్ వారి ‘గైర్’ దీన్ని అక్వేరియానికి తెచ్చింది. వెడల్పాటి రేకులాంటి ధార నీటి పైభాగాన ఎదుటి గాజుదాకా పోయి, కిందికి దిగి, అడుగు మీదుగా వెనక్కి వస్తుంది. తొట్టి మొత్తం ఒక పెద్ద చక్రంగా తిరుగుతుంది. భీమవరం ప్రాంతపు రొయ్యల చెరువుల్లో ఏరియేటర్లను ఒకే వరుసలో తిరిగేలా అమర్చితే మురుగు చెరువు నడుమకు చేరుతుంది. అక్కడ అది కావాలనే చేస్తారు. తొట్టిలో ఎప్పుడూ ఒకే వైపు తిరిగే చక్రం కూడా మురికిని అలాగే ఒకచోట పోగేస్తుంది, అది మాత్రం నష్టమే. అందుకే గైర్ పంపుల దిశను కొన్ని గంటలకోసారి తిరగదిప్పుతారు.

తిరిగే నోళ్లు, మళ్లింపు వాల్వులు: ఫిల్టర్ నుంచి నీటిని తిరిగి తొట్టికి పంపే రిటర్న్ పంపు నీటినే వేర్వేరు గొట్టాల్లోకి మార్చి మార్చి పంపుతాయి. అదనపు కరెంటు తక్కువ. సున్నం పేరుకుని బిగుసుకుపోవడం వీటి బలహీనత.

సర్జ్ పరికరం: కార్ల్‌సన్ పద్ధతిలో తొట్టి పైన ఒక చిన్న ట్యాంకు ఉంటుంది. చిన్న పంపు దాన్ని నిదానంగా నింపుతుంది. మట్టం పైదాకా రాగానే వంపు గొట్టంలో సైఫన్ మొదలై నీరంతా ఒక్క ఊపున దిగుతుంది. లోపలికి గాలి చొరబడగానే సైఫన్ తెగి మళ్లీ నిండడం మొదలవుతుంది. పంపు తప్ప కదిలే భాగం ఒక్కటీ లేదు. దిబ్బ అంచున అల విరగడానికి ఇంతకు దగ్గరగా వచ్చే సాధనం లేదు. కానీ లెక్క చూసుకోవాలి. 120×50 సెం.మీ. తొట్టిలోకి 40 లీటర్లు ఒక్కసారిగా వస్తే, అదనపు నీటిని బయటికి పంపే ఓవర్‌ఫ్లో లాగేసుకునేలోపు మట్టం 6 సెం.మీ. పైనే పెరగవచ్చు. చప్పుడు, బుడగలు, ఉప్పు తుంపర కూడా ఉంటాయి. ఇంటి హాల్లో ఇది అరుదుగా కనిపించడానికి కారణం ఇదే.

అనునాద అల: తొట్టిలో నీరు ఊయలలా ఊగే సహజ కాలానికి సరిగ్గా సరిపడేలా పంపును ఆపి నడిపితే, చిన్న తోపుడుతోనే నీరంతా ఊగుతుంది. 120 సెం.మీ. పొడవు, 50 సెం.మీ. లోతు ఉన్న తొట్టికి ఆ కాలం సుమారు 1.3 సెకన్లు, 180 సెం.మీ. పొడవు, 60 సెం.మీ. లోతు ఉన్నదానికి సుమారు 1.7 సెకన్లు. రాళ్లు దీన్ని కొంత మారుస్తాయి కాబట్టి చేత్తో సరిచూసుకోవాలి. ఇది రాళ్ల సందుల్లోంచి కూడా నీటిని తోడుతుంది. అయితే గాజు అతుకుల మీద, స్టాండు మీద ప్రతి ఊపుకూ భారం మారుతుంది. అంచు పట్టీలు లేని తొట్టెలకు దీన్ని వాడకపోవడం మేలు.

ధార నడక

పంపు నోటి నుంచి వెలువడిన ధార దూరం పోయేకొద్దీ పక్క నీటిని తనలోకి లాక్కుని వెడల్పవుతుంది. వేగం దూరానికి విలోమంగా తగ్గుతుంది. నోటికి ఒక అడుగు దూరంలో ఉన్న వేగం రెండడుగుల దూరానికి సగమవుతుంది. 2 సెం.మీ. గొట్టం ధార అడ్డు లేకుండా 60 సెం.మీ. పోతే, మొదట ఉన్న నీటికి తొమ్మిది పది రెట్ల నీటిని కదిలిస్తుంది. కాబట్టి పంపు ఎదుట ఒక అడుగు ఖాళీ ఉంచడం, ఇంకో పంపు కొన్నంత పని చేస్తుంది. గాజుకు దగ్గరగా పెట్టిన ధార గాజును అంటుకునే పోతుంది. దీన్ని కోఆండా ప్రభావం అంటారు. పంపును వెనుక గాజు వెంట పెడితే రాళ్ల వెనుక భాగం శుభ్రంగా ఉండేది ఇందువల్లే.

కరెంటు లెక్క కూడా ఇక్కడే వస్తుంది. ప్రొపెల్లర్‌కు కావలసిన శక్తి వేగపు ఘనాన్ని అనుసరిస్తుంది. ఆదర్శ లెక్కలో, సగం వేగంతో తిరిగే పంపుకు ఎనిమిదో వంతు శక్తి చాలు. పూర్తి వేగంతో తిరిగే ఒక పంపుకు బదులు సగం వేగంతో రెండు పెడితే నాలుగో వంతు శక్తితో అంతే నీరు, అదీ రెండు వైపుల నుంచి కదులుతుంది.

మోతాదు

గంటలో తొట్టి పరిమాణానికి ఎన్ని రెట్ల నీరు కదులుతుందో దాన్ని టర్నోవర్ అంటారు. మెత్తని పగడాలకు 10 నుంచి 20 రెట్లు, పెద్ద పాలిప్‌ల (పగడంలోని ఒక్కో జీవి) గట్టి పగడాలకు 20 నుంచి 30, అక్రోపొరా వంటి చిన్న పాలిప్‌ల వాటికి 40 ఆపైన అని వాడుకలో చెబుతారు. 300 లీటర్ల తొట్టికి 40 రెట్లంటే గంటకు 12,000 లీటర్లు. ఇవి పెంపకందారుల అనుభవం మీద ఏర్పడినవి, ప్రయోగశాలలో తేల్చినవి కావు. ఒకే 12,000 లీటర్లు ఒక సన్నని ధారగా వస్తే ఎదుటి పగడపు చర్మం ఊడిపోవచ్చు, తొట్టి మిగతా భాగం నిశ్చలంగా ఉండిపోవచ్చు. రెండు వెడల్పు ధారలుగా వస్తే అంతా కదులుతుంది. పెట్టె మీది అంకె కొత్త పంపుది, అడ్డు లేనప్పటిది. కాబట్టి టర్నోవర్‌ను పంపు కొనేటప్పుడు చూసుకునే తొలి అంచనాగా మాత్రమే వాడాలి.

కొలత

సముద్రశాస్త్రవేత్తలు నీటి కదలికను పోల్చడానికి జిప్సం ముద్దలు కరిగిన తీరును వాడారు. హవాయిలో మాక్స్‌వెల్ డోటీ 1971లో ఈ పద్ధతిని వివరించాడు. పగడాలు ఇంకా పెట్టని తొట్టిలో, ఒకే బరువున్న ప్లాస్టర్ ముద్దలను వేర్వేరు చోట్ల ఒక రోజు ఉంచి, ఆరబెట్టి తూస్తే, ఎక్కడ నీరు ఎక్కువ ఆడుతున్నదో బరువు నష్టమే చెబుతుంది. పగడాలున్న తొట్టిలో ఫోన్ కెమెరా చాలు. మేత తునక 30 సెం.మీ. దూరాన్ని 2 సెకన్లలో దాటితే అక్కడి వేగం సెకనుకు 15 సెం.మీ. ఒకే చోట పది తునకలను చూస్తే వేగంతోపాటు దిశ ఎంత మారుతున్నదీ తెలుస్తుంది.

మెరుగుపరిచే క్రమం

మొదట చూడవలసింది మురికి పేరుకునే చోట్లు. ఇసుక మీద గోధుమ లేదా ఎర్ర జిగట పొర, రాతి సందుల్లో బూడిద రంగు పోగు కనిపిస్తే నీరు అక్కడికి చేరడం లేదనడానికి గుర్తు కావచ్చు. చాలాసార్లు కారణం పంపు కాదు, రాళ్ల అమరిక. గోడలా పేర్చిన రాయి తొట్టిని రెండుగా కోస్తుంది. వెనుక గాజుకు, రాళ్లకు మధ్య చేయి పట్టేంత సందు ఉంచి, ఒకే గుట్టకు బదులు రెండు మూడు విడి గుట్టలుగా పేర్చితే నీరు వాటి చుట్టూ తిరిగి తానే సుడులవుతుంది. తరువాత పంపుల కోణాలు మార్చాలి. రెండు ధారలు ముందు గాజుకు తగిలి చెదిరేలా కాస్త మళ్లించడం ఒక మార్గం. ఒకటి నీటి ఉపరితలాన్ని కదిలించాలి, వాయు మార్పిడి జరిగేది అక్కడే. ఇన్ని చేశాక కూడా నిశ్చలంగా ఉండే మూల మిగిలితే అప్పుడు కొత్త పంపు గురించి ఆలోచించాలి.

ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. పగడం జవాబు వారాల్లో గానీ తెలియదు. ఒక వైపు చర్మం ఊడడం, పాలిప్‌లు ఎప్పుడూ ముడుచుకుని ఉండడం సూటి ధారకు గుర్తులు. గుబురు కొమ్మల నడుమ, మొదళ్ల దగ్గర కణజాలం చావడం ప్రవాహలోపానికి గుర్తు కావచ్చు. వెలుతురు, క్షారత తేడాలు కూడా ఇలాగే కనిపిస్తాయి కాబట్టి వాటినీ చూసుకోవాలి. అక్రోపొరా ఎదిగేకొద్దీ తన కొమ్మలతోనే నీటిని అడ్డుకుంటుంది. ఏడాది కిందట సరిపోయిన ప్రవాహం ఇవాళ సరిపోదు.

జాతుల అవసరాలు

యూఫిలియా, ట్రాకీఫిలియా వంటి కండగల పగడాలకు ఒంటి అంచులు మెల్లగా ఊగేంత కదలిక చాలు. డిస్కోసోమా అనే పుట్టగొడుగు పగడాలకు అంతకన్నా తక్కువ. అక్రోపొరా, పోసిల్లోపొరాలకు బలమైన, మారే నీరు కావాలి. సముద్ర విసనకర్రలు అనే గొర్గోనియన్లు ప్రవాహానికి అడ్డంగా విసనకర్ర చాచి తిండి పడతాయి. పూర్తి యాదృచ్ఛికత కన్నా ముందుకూ వెనక్కూ ఊగే నీరే వాటికి నప్పుతుంది.

నిర్వహణ, భద్రత

ప్రొపెల్లర్ మీద సున్నం, శైవలాలు పట్టి పంపు బలం తెలియకుండానే పడిపోతుంది. నిమ్మ ఉప్పు కలిపిన నీటిలో కాసేపు నానబెట్టి బ్రష్‌తో రుద్దితే పోతుంది. సముద్ర పువ్వులు (సీ అనిమోన్లు) నడిచివచ్చి పంపులో పడి తెగిపోయిన సందర్భాలు అందరు పెంపకందారులకూ తెలిసినవే, అందుకే పంపు నోటికి జాలీ ఉండాలి. కరెంటు తీగ ప్లగ్గుకన్నా కిందికి వంగి మళ్లీ పైకి వెళ్లేలా ఉంచితే, దాని వెంట జారిన నీరు ప్లగ్గులోకి పోదు. కరెంటు పోయినప్పుడు ముందు ప్రాణం తీసేది ఆక్సిజన్ లేమి. ఒక్క డీసీ పంపునైనా బ్యాటరీ మీద ఉంచాలి.

భారతదేశంలో

ఆంధ్ర తీరానికి గోదావరి, కృష్ణ తెచ్చే ఒండ్రు, మంచినీరు పగడపు దిబ్బలకు అనుకూలం కావు. దేశంలోని పెద్ద దిబ్బలు అండమాన్ నికోబార్, లక్షద్వీప్, మన్నార్ సింధుశాఖ, కచ్ సింధుశాఖల్లో ఉన్నాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో 2001లో స్క్లెరాక్టినియా వర్గపు గట్టి పగడాలన్నిటినీ, నల్ల పగడాలను, గొర్గోనియన్లను, అగ్ని పగడాన్ని, ఆర్గాన్ పైప్ పగడాన్ని చేర్చారు. వాటిని మన సముద్రం నుంచి సేకరించడం, అమ్మడం నేరం. 2022 సవరణతో, అంతర్జాతీయ సైటిస్ ఒప్పందపు పట్టికల్లోని సజీవ జంతువులను దగ్గర ఉంచుకునేవారు నమోదు చేయించుకోవలసిన నిబంధన వచ్చింది. సముద్రం నుంచి తీసిన పగడపు రాయికి బదులు తొట్టిలో పింగాణీ లేదా సిమెంటు రాయి వాడవచ్చు. వాటిని ముందే కావలసిన ఆకారంలో, నీరు దూరే కన్నాలతో చేయించుకోవచ్చు కాబట్టి ప్రవాహానికి అవి మరింత అనువుగా ఉంటాయి.